నేతవారి కాలనీకి కాలిబాట

ప్రతి సంవత్సరము ఆగస్టు 7వ తేదీన జాతీయ చేనేత దినము జరుపుకొనుచున్నాము. 1905లో అదే తేదీన కలకత్తా టౌన్‌హాలు సభలో ఆరంభమైన స్వదేశీ ఉద్యమమునకు జ్ఞాపకముగ ఆ దినమును ఎన్నుకొనిరి. 2015లో మొదటిసారి ఆ ఉత్సవము జరిగినది మన చెన్నపట్టణముననే. ఆనాడు వేదికలపై నూలు ధర, రిబేటు, అమ్మకములు, పవర్‌లూము పోటీ అన్నియు చర్చకు వచ్చును. రావలసినవే. కాని మగ్గముపైనుండి కోసిన గుడ్డ నేతవాని గడప దాటి సంఘము గుమ్మము చేరువరకు ఏ బాటను వచ్చుచున్నదో ఎవరును అడుగగా మేము వినలేదు. ఈ పర్యాయము ఆ సంగతినే సభ్యులకు విన్నవింపదలచితిమి.

మన ప్రాంతము పాఠకులకు తెలియనిది కాదు. తిరుత్తణి, పొదట్టూరుపేట, పళ్లిపట్టు, ఆర్.కె.పేట, అమ్మయార్‌కుప్పము, అటు పొన్నేరి వైపున ఆరణి, ఇవన్నియు తిరువళ్లూరు జిల్లాలో మగ్గము చప్పుడుతో తెల్లవారు ఊళ్లు. తిరుత్తణి తాలూకా 1960 మార్చి వరకు చిత్తూరు జిల్లాలో ఉండినది. పటాస్కర్ గారి నిర్ణయము ననుసరించి 1959లో చట్టము చేసి, 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రమున కలిపిరి. సరిహద్దు మారినది గాని మగ్గము మారలేదు, ఇంటిలో మాటలాడు భాషయు మారలేదు. నగరి, పుత్తూరు వారితో మన బంధుత్వములు నేటికిని సాగుచునే యున్నవి.

పాత నేతపేటలలో ఒక విశేషమున్నది. వీధి వెడల్పుగను తిన్నగను ఉండును. పడుగును వీధి పొడవున చాచి, కర్రలు నిలిపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుటకు అంత చోటు కావలయును. ఎండ ముదరకముందే ఆ పని ముగియవలెను గనుక తెల్లవారుజామున వీధి యంతయు నేతవారిదే. మగ్గము ఇంటిలోపలి పనిముట్టయితే వీధి ఇంటి వెలుపలి పనిముట్టు. మన పెద్దలు ఈ సంగతి ఎరిగి ఊరు కట్టుకొనిరి. మనము కాలనీలు కట్టుకొన్ననాడు దీనిని మరచితిమి.

మేము సంతకము చేసిన వజా

మా సంఘములోని కొన్ని కుటుంబములు ఊరికి వెలుపల నేతవారి కాలనీలో కాపురమున్నవి. ఆ కాలనీ పేరు చెప్పనక్కరలేదు. ఇటువంటివి మన ప్రాంతమున ఇంకను కలవు. చదువుచున్నవారు తమ కాలనీ గురించియే వ్రాసితిమని అనుకొన్నను తప్పులేదు. బస్సు పోవు రోడ్డునుండి మొదటి ఇంటికి 400 మీటర్లకు మించదు. రోడ్డుపై నిలిచిన ఇండ్ల కప్పులు కనబడును. కాని నడువబోయినచో మొదట చెరువు కలుజు, తరువాత వరిమడి గట్టు, ఆ తరువాత సీమతుమ్మల నడుమ మట్టిబాట. వేసవిలో దుమ్ము, వానలలో బురద. చీకటి పడిన తరువాత ఒక్క దీపము లేదు.

ఒక కార్తీకమాసమున, ముసురు పట్టిన దినములలో, వయసు మళ్లిన నేతగాడొకరు నేసిన చీరలు సంఘమునకు తెచ్చిరి. మూట అడుగున రెండు చీరలకు బురదనీటి మరక అంటియున్నది. తనిఖీ చేసినవారు వానిని రెండవ రకమని వ్రాసిరి. నియమము ప్రకారము కూలిలో వజా చేసి మేము సంతకము పెట్టితిమి. ఆయన పోట్లాడలేదు. వ్రేలు పెట్టవలసిన చోట సంతకమే చేసి, పుస్తకము మా వైపు త్రోసి, ఇట్లనెను:

“నాయనా, మగ్గంమింద ఉండేదాకా గుడ్డ నాది. కలుజు దాటేటప్పుడు అది బాటది. మీరు ఒగతూరి వానలో వచ్చి నడిసి సూడండి.”

ఆ మాటకు మాకు కొంత కోపము వచ్చినమాట నిజము. నియమము అందరికిని ఒక్కటే కదా అనుకొంటిమి. అయినను ఆ వారముననే, వాన వెలిసిన మరునాడు, ఒక నూలుకట్ట భుజమున పెట్టుకొని ఆ 400 మీటర్లు నడచితిమి. ఐదారు నిమిషముల నడకకు ఇరువది నిమిషములు పట్టినది. కలుజు దాటునప్పుడు చెప్పులు చేత పట్టుకొంటిమి. గట్టుపై కాలు జారగా నూలుకట్ట మడిలో పడకుండ ఎదురువచ్చు పిల్లవాడొకడు పట్టుకొనెను. వాడు బడికి పోవుచు పుస్తకముల సంచి నెత్తిన పెట్టుకొని, నిక్కరు తడియకుండ పైకి మడచుకొని యున్నాడు. కాలనీ చేరునప్పటికి కట్టలో ఒక ప్రక్క చిలపలు తడిసినవి. మా నూలుకు వజా చేయువారు ఎవరును లేరు.

ఈ సంగతి వ్రాయుట మాకు గౌరవము కాదు. అయినను వ్రాయుచున్నాము. ఎందుకనగా మన సంఘములు లెక్కపుస్తకమున గుడ్డపై మరకను చూచుచున్నవి గాని ఆ మరక ఎక్కడ పడినదో చూచుటలేదు. బాట చేసిన నష్టమును కూలివాని ఖాతాలో వ్రాయుచున్నాము.

బాట లేనిచో నష్టము మరకతో పోదు. పడుగు ఇచ్చువారు రోడ్డు ప్రక్కనున్న మగ్గమునకే ముందు ఇత్తురు. దూరపు మగ్గము పని కొరకు కాచుకొని యుండును. గ్యాసు సిలిండరు బండివాడు రోడ్డుపైననే దింపి పోవును. 108 బండి కూడ అక్కడనే నిలుచును. నిండుచూలాలిని గాని ముసలివారిని గాని మంచముపై మోసుకొని రావలెను. చేనేతలోనున్న పనివారలలో అధికులు స్త్రీలు. 2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణనలో దేశమంతటను 35 లక్షల 22 వేల మంది పనివారు తేలగా వారిలో నూటికి 70కి పైగా స్త్రీలే. కండెలు చుట్టి, పడుగు అతికి, మగ్గమునందు కూర్చుండి, ఆపై రేషనుకును బడికిని ఆసుపత్రికిని నడచువారు వారే. చీకటి బాటను గురించి వారికి తెలిసినంత మనకు తెలియదు. ఇక పడుచువాండ్ర సంగతి. శ్రీపెరుంబుదూరు కంపెనీల బస్సులు రోడ్డువద్దకు వచ్చి మన పిల్లలను ఎక్కించుకొని పోవుచున్నవి. పోయినవారిని తప్పుపట్టము. కాని నేయగలిగి, నేయవలెనని యున్నవానికి కూడ బురదను దాటి పోవుట ఒక కారణము కాకూడదు.

ఇంటికి కొలత గలదు, బాటకు లేదు

ఈ స్థితి ఎట్లు వచ్చినది? నేతవారికి ఇండ్లు లేవని ప్రభుత్వములు ఊరకుండలేదు. 1953లో కేంద్రప్రభుత్వము మిల్లుగుడ్డపై అదనపు ఎక్సైజు పన్ను విధించి, ఆ సొమ్మును ఖద్దరు, చేనేతల అభివృద్ధికి వినియోగించుటకు చట్టము చేసెను. ఆ నిధినుండి నేతవారి గృహకాలనీలకును సాయము చేసిరి. 1985 ప్రాంతమున మగ్గమునకు షెడ్డు, కాపురమునకు ఇల్లు ఒకచోటనే ఉండునట్లు వర్క్‌షెడ్-కమ్-హౌసింగ్ పథకము వచ్చెను. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ విభాగము 25 చదరపు మీటర్లకు తగ్గని ఇల్లు అన్నది. 2024లో తమిళనాడు ప్రభుత్వము ప్రకటించిన కలైజ్ఞర్ కనవు ఇల్లమ్ పథకమున 360 చదరపు అడుగుల ఇంటికి మూడున్నర లక్షల రూపాయల సాయము నిర్ణయించిరి. ఈ పథకములవలన మేలుపొందినవారు మనలో కలరు. వానిని చులకన చేయుట మా ఉద్దేశము కాదు.

అయితే ప్రతి పథకమునందును ఇంటికి కొలత ఉన్నది, గోడకు, కప్పుకు లెక్క ఉన్నది. ఇంటి గడపనుండి బస్సు రోడ్డువరకు బాట ఎంత వెడల్పుండవలెను, వానకు మునుగకుండ ఎంత ఎత్తుండవలెను అను మాట మా చేతిమీదుగ పోయిన లబ్ధిదారుల కాగితములలో ఒక్కదానియందును కనబడలేదు.

రోడ్ల పథకములలో చూతమన్నను అంతే. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన గొప్ప కార్యము. మైదానములలో 500 జనాభా గల ఆవాసములకు అన్ని కాలములందును నడచు రోడ్డు వేయుట దాని సంకల్పము. కాని దాని నియమములలో ‘రోడ్డు లేని ఆవాసము’ అనగా అట్టి రోడ్డుకు గాని, రోడ్డు గల మరియొక ఆవాసమునకు గాని కనీసము 500 మీటర్ల దూరమున నుండవలెను. 400 మీటర్ల దూరముననున్న కాలనీ ఆ లెక్కలో రోడ్డు గల ఊరే. దేశమంతటికిని ఒక పథకము వేయునప్పుడు ఎక్కడనో ఒక గీత గీయక తప్పదు. ఆ గీతను మేము ఆక్షేపింపము. గీతకు ఇవతల మిగిలిపోయిన 400 మీటర్లు ఎవరివి అనునదే మా ప్రశ్న.

చట్టము ప్రకారము అవి పంచాయతీవి. గ్రామ రోడ్లు వేయుట, బాగుచేయుట, దీపములు పెట్టుట, మురుగుకాలువలు త్రవ్వుట గ్రామ పంచాయతీ విధులని 1994 నాటి తమిళనాడు పంచాయతీల చట్టము 110వ సెక్షను చెప్పుచున్నది. అయితే ‘తన నిధుల పరిమితికి లోబడి’ అను మాటయు అందులోనే ఉన్నది. అదిగాక ఆ బాట పోవు నేల అంతయు పంచాయతీది కాదు. 40 హెక్టార్లకు పైబడిన ఆయకట్టు గల చెరువయితే కట్టయు కలుజును ప్రభుత్వ జలవనరుల శాఖవి. చిన్న చెరువయితే పంచాయతీ యూనియనువి. గట్టు పట్టాదారుది. తుమ్మలున్న పోరంబోకు రెవెన్యూవారిది. 400 మీటర్ల బాటకు ముగ్గురు నలుగురు యజమానులు. ఒకరి వద్దకు పోయిన మరియొకరిని చూపుదురు. అందరును ఉన్న చోట ఎవరును లేనట్లే యగును.

మన తప్పును దాచుకొనరాదు. స్థలము సంపాదించిననాడు మన సంఘములు ఏమి చూచినవి? ధర చౌకగ నున్నదా అని చూచినవి. పట్టా సరిగ నున్నదా అని చూచినవి. మగ్గము గుంట తీసినచో నీరు ఊరునా అని కూడ చూచినవి. బాటను చూడలేదు. మా సంఘము బీరువాలో ఆ లేఅవుటు పటము నేటికిని కలదు. కాలనీలోపలి వీధులు కొలబద్ద పెట్టి గీచినట్లు తిన్నగ నున్నవి. పటము అంచుకు వచ్చి అక్కడనే ఆగిపోయినవి. దానిని చూచి ఆమోదించిన సభలో ఒక్కరును ‘ఇక్కడనుండి ఎట్లు పోవుదుము?’ అని అడిగినట్లు తీర్మానముల పుస్తకమున లేదు.

ఇది మన ఒక్కరి కష్టము కాదు

పళ్లిపట్టు వైపు సభ్యులకు ఈ బాధ మరింత తెలియును. ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణాపురము జలాశయము నిండి నీరు వదలినప్పుడు కుశస్థలి నది పొంగి, నేలకు దగ్గరగ కట్టిన చప్టాలు మునుగును. వీనినే తమిళ సోదరులు తరైపాలము అందురు. 2021 నవంబరు వరదలలో ఇట్లే జరిగి రాకపోకలు తెగిపోయినవి. చెన్నై తిరుపతి జాతీయ రహదారి ప్రక్కనున్నవారికి వేరొక కష్టము. ఊరు ఒక వైపు, బడియో ఆసుపత్రియో మరియొక వైపు. నడుమ ఆగని బండ్లు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది నడచి పోవుచున్నవారేనని కేంద్ర రోడ్డు రవాణాశాఖ లెక్క. రైలుమార్గము ప్రక్కనున్నవారి సంగతియు అట్టిదే. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గములందు కాపలాలేని గేట్లన్నింటిని తొలగించిరి. ప్రాణరక్షణకు అది మంచి పనియే. కాని గేటుకు బదులు క్రిందినుండి బాట త్రవ్విన చోట్ల వాననీరు నిలిచినచో నడచువానికి పైబాటయు లేదు, క్రిందిబాటయు లేదు.

ఊరికి దూరముగ ఇల్లు వచ్చినప్పుడు పనివారికి కలుగు చిక్కును తెలిసికొనుటకు మన తెలుగువారే యున్న షోలాపురము వైపు ఒకసారి చూతము. తెలంగాణము నుండి వలసపోయిన పద్మశాలీలు అక్కడి మిల్లులలోను మగ్గములపైనను పనిచేసిరి. వారి స్త్రీలు వేలకొలదిగ బీడీలు చుట్టుదురు. నరసయ్య ఆడం గారి నాయకత్వమున ఏండ్ల తరబడి పోరాడగా కుంభారి వద్ద గోదూతాయి పరులేకర్ పేరిట బీడీకార్మిక స్త్రీలకు 10,000 ఇండ్లు లేచినవి. 2006 సెప్టెంబరులో నాటి ప్రధాని మన్మోహన్ సింగు గారు వానిని అప్పగించిరి. రే నగరు అను పేర మరి 15,000 ఇండ్లను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ గారు అప్పగించిరి. బీదలు పొందిన గొప్ప విజయమది. అయితే బీడీ పని ఎట్టిదో చూడుడు. ఆకు, తంబాకు తెచ్చుకొనవలెను. చుట్టిన బీడీలు తిరిగి అప్పగించవలెను. ఇల్లు ఊరికి దూరమైన కొలది ఆ రాకపోకల ఖర్చును కాలమును కూలినుండియే పోవును. ఇంటినుండి పని చేయువారికి ఇల్లు సంపాదించుట సగము పని, రాకపోక సంపాదించుట మిగిలిన సగము. చేనేతకు కూడ ఈ లెక్క అక్షరాల వర్తించును.

చట్టము మన ప్రక్కన లేదని అనుకొనరాదు. హిమాచలప్రదేశ్‌లో కొండమీది బీదలు తమకు రావలసిన రోడ్డు పని నిలిచిపోయినదని హైకోర్టుకు ఉత్తరము వ్రాసిరి. ఆ ఉత్తరమునే వ్యాజ్యముగ స్వీకరించిరి. అది సుప్రీంకోర్టు వరకు పోగా 1986లో ఆ న్యాయస్థానము, కొండవాసులకు రోడ్డు లేనిదే జీవితము లేదు గనుక రాజ్యాంగము 21వ అధికరణము నందలి జీవించు హక్కులో అదియు చేరునని చెప్పెను. 2025 మే 14న అదే న్యాయస్థానము, అడ్డంకులు లేని కాలిబాటను పొందుటయు ఆ 21వ అధికరణములోని హక్కేనని చెప్పి, రాష్ట్రములు మార్గదర్శకములు చేసికొనవలెనని ఆదేశించెను. పట్టణమున నడచువానికి గల హక్కు కాలనీలో నడచువానికి లేకపోవునా?

కొన్ని ఆక్షేపణలు

ఈ మాట ఎత్తినప్పుడు సభ్యులు చెప్పు ఆక్షేపణలు కొన్ని కలవు. వానికి సమాధానము చెప్పుట మా విధి.

‘ఈ కాలమున నడచువారెవరు, అందరికిని మోటారుసైకిళ్లు వచ్చినవి కదా’ అందురు. ఇంటికొక బండి వచ్చినదనుకొందము. దానిపై పోవువాడు ఒకడు. ఆ వేళ ఇంటిలోనున్న తల్లి, భార్య, పిల్లలు నడచువారే. బురదలో మొదట జారునదియు ఆ బండియే.

‘అడిగిన పెద్ద సిమెంటు రోడ్డే అడుగుదము, లారీ రావలెను’ అందురు. లారీ రోడ్డు రావలెననియే మా కోరికయు. కాని దానికి భూమి కావలెను, అంచనా కావలెను, మంజూరు కావలెను. ఆ మంజూరు కొరకు కాచుకొని ఎన్ని కార్తీకములు గడపవలెను? నడకబాటకు అంత నేల అక్కరలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి 2012 నాటి నియమములలో కాలిబాటకు కనీస వెడల్పు 1.8 మీటర్లు, అనగా రమారమి ఆరడుగులు. మూటతో పోవువాడును ఎదురువచ్చువాడును తగులుకొనకుండ దాటుదురు. ఆరడుగుల గట్టిబాట, కలుజువద్ద తూములు వేసిన చిన్న వంతెన, నాలుగు దీపములు. మొదట ఇది సాధింతము. పెద్ద రోడ్డు అడుగుట మానవద్దు. దానికొరకు చిన్నబాటను ఆపవద్దు.

‘రైతు ఒప్పుకొనడు’ అందురు. రైతు ప్రక్క నిలిచి కూడ ఆలోచింపవలెను. వాని మడి గట్టుపై ఊరంతయు నడచిన గట్టు తెగును, నీరు పోవును, నాటిన నారు త్రొక్కబడును. కోపము వచ్చుట సహజము. ఇరువది సంవత్సరములు అడ్డులేకుండ హక్కుగ నడచిన బాటపై హక్కు ఏర్పడునని 1882 నాటి ఈజుమెంటుల చట్టములో గలదు. కాని కోర్టుకు పోయి పొరుగువానిని శత్రువు చేసికొనుటకు ముందు వాని అరుగుపై కూర్చుండి మాటలాడవలెను. గట్టు ప్రక్క ఆరడుగుల పట్టీకి న్యాయమైన వెల ఇచ్చి రిజిస్టరు చేయించుకొనుట మేలు. ఇంటింటికి పంచుకొన్న అది ఓర్వరాని భారము కాదు. గట్టును రాతికట్టుగ మార్చిన రైతుకును లాభమే.

చివరి ఆక్షేపణ మనపైననే. కాలనీలోపలి వీధిని కుదించినది ఎవరు? మెట్లు ముందుకు జరిపినది, కట్టెలు పేర్చినది, స్నానపుగది వీధిలోనికి కట్టినది మనమే కదా. పడుగు చాచుటకు చోటులేదని ఏడ్చువాని ఇంటి మెట్లే ఆ చోటును తినియున్నవి. మన వాకిట బాటను మనము మూసి, ఊరి బాటను తెరువుమని అధికారి నడిగిన ఆయన నవ్వును.

చేయవలసిన పనులు

ఉపన్యాసముతో బాట పడదు గనుక ప్రతి కాలనీ సభ్యులును ఈ పనులు చేయవలెనని కోరుచున్నాము.

1. ముందుగ నడువుడు. సంఘము అధ్యక్షుడు, కార్యదర్శి, పాలకవర్గమువారు వానదినమున ఒకసారి, చీకటి పడినాక ఒకసారి కాలనీనుండి రోడ్డువరకు నడువవలెను. ఎక్కడ నీరు నిలుచును, ఎక్కడ కాలు జారును, ఎక్కడ స్త్రీలు ఒంటరిగ పోవ జంకుదురు అనునది వ్రాసికొనవలెను. ఈ మూడవ సంగతి స్త్రీలనే అడుగవలెను.

2. కాగితము చూడుడు. గ్రామ పటము, క్షేత్ర కొలతల పుస్తకము, ‘ఎ’ రిజిస్టరు, వీని నకళ్లు తీసికొనుడు. మనము పొలముగట్టు అనుకొన్నది కాగితమున బండిబాట పోరంబోకు అని యుండవచ్చును. అట్లున్నచో సగము పని అయినట్లే. క్రొత్త బాట అడుగుట వేరు, ఉన్న బాటను తెరువుమనుట వేరు.

3. అర్జీ తమిళములో వ్రాయుడు. ఇంటిలో తెలుగు, కచేరిలో తమిళము అను సంగతి 1960 నుండియు మనకు అలవాటే. మన బడిపిల్లలకు తమిళము చక్కగ వచ్చును, వారిచేత వ్రాయించుడు. ఒక పుటకు మించవద్దు. బాట పొడవు, సర్వే నంబర్లు, ఇండ్ల సంఖ్య, కావలసిన వెడల్పు, దీపముల సంఖ్య, ఇవి చాలును. మొదటి సంతకములు స్త్రీలవి యుండవలెను.

4. సమయమెరిగి అడుగుడు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలు గ్రామసభ దినములు. 2022 నుండి మార్చి 22, నవంబరు 1 కూడ చేరినవి. ఆ సభలో తీర్మానము వ్రాయించి నకలు తీసికొనుడు. వేసవిలో తాలూకా కచేరిలో జరుగు జమాబందియందు గ్రామ లెక్కలు తనిఖీ చేయుదురు. బాట పోరంబోకు ఆక్రమణను గురించి చెప్పుటకు అదియే తగిన చోటు. సోమవారమున కలెక్టరు కచేరిలో జరుగు ప్రజల మొరల దినమున తీర్మానపు నకలు జతచేసి ఇయ్యవలెను. ఏ శాఖ నేల ఎంత పొడవో విడదీసి చూపినచో ఒకరిపై ఒకరు త్రోసివేయుటకు వీలుండదు.

5. మన వాకిలి మనము శుభ్రము చేసికొందము. అర్జీ ఇచ్చుటకు ముందే కాలనీ వీధిలోనికి వచ్చిన మెట్లు, కట్టెలు, అడ్డములు తీసివేయవలెను. పాలకవర్గములోనివారి ఇండ్లతో మొదలుపెట్టవలెను.

6. ఇకమీదట ఏ సంఘమును బాట చూడక స్థలము పుచ్చుకొనరాదు. లేఅవుటు పటము కాలనీ అంచున ఆగరాదు; బస్సు రోడ్డువరకు గీయవలెను. ఆ గీతకు సర్వే నంబరు, వెడల్పు వ్రాసియుండనిచో తీర్మానము చేయరాదు.

ఇక మా సంఘము సంగతి. వచ్చు సర్వసభ్య సమావేశమున రెండు తీర్మానములు పెట్టదలచితిమి. బాటలో తడిసినవని తేలిన గుడ్డకు, బాట బాగుపడువరకు, నేతవాని కూలిలో వజా చేయరాదు. ఆ నష్టమును సంఘము సాధారణ ఖర్చులలో వ్రాయవలెను. వానదినములలో కాలనీనుండి గుడ్డ తెచ్చుటకును నూలు చేర్చుటకును తడియని గుడ్డసంచులు సంఘమే ఇయ్యవలెను. దీనివలన సంఘమునకు కొంత ఖర్చు తగులును. తగులవలెననియే మా కోరిక. ఆ నష్టము నేతవాని ఖాతాలో నున్నంతకాలము మాకు బాట గుర్తురాలేదు. సంఘము ఖాతాలో పడినచో ప్రతినెల లెక్కలు చూచునప్పుడు గుర్తువచ్చును.

ఆనాడు వజా చేసిన రెండు చీరల కూలిని తిరిగి ఇచ్చుటకు మేము ఆ నేతగాని ఇంటికి పోయితిమి. ఆయన సొమ్ము తీసికొనెను. మగ్గమునందు కూర్చుండియే, నాడె ఆపకుండ, “బాట ఎప్పుడొస్తాది నాయనా?” అని అడిగెను. మాయొద్ద జవాబు లేదు. ఈ వ్యాసము చదివిన సంఘములవారు తమ తమ కాలనీల బాటల పొడవు, ఏ శాఖల నేల, ఇంతవరకు చేసిన ప్రయత్నము వ్రాసి పంపినయెడల, అన్నింటిని కూర్చి ఒకే అర్జీగ కలెక్టరుగారికి సమర్పింతము. ఒక్కొక్క కాలనీ బాట 400 మీటర్లే. అన్నియు ఒక కాగితముపై చేరినచో అది చిన్న సంగతి కాదు.

ఇట్లు,
ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి